లక్ష సైటేషన్ల ఫఖ్ర్ సరే, మన బేటీల పీహెచ్‌డీ సంగతేంటి?

పోయిన జుమా నమాజ్ అయ్యాక మసీదు సెహన్‌లో చెప్పులు వెతుక్కుంటుంటే ఫోన్ టింగుమంది. మా ఖాందాన్ గ్రూపులో ఒక ఫార్వర్డ్. సూటు వేసుకున్న పెద్దాయన ఫొటో, కింద ఆకుపచ్చ అక్షరాలు: మాషా అల్లాహ్, మన హైదరాబాదీ సైంటిస్టు మొహమ్మద్ ఖాజా నజీరుద్దీన్ సాబ్‌కి లక్ష దాటిన సైటేషన్లు, ఖౌమ్‌కి ఫఖ్ర్, పదిమందికి పంపండి. నేను ఇల్లు చేరేలోపు నలభై దిల్ బొమ్మలు పడ్డాయి. అందులో మూడు మా ఆపావి.

అదే రాత్రి శ్రీకాకుళం నుంచి ఆపా ఫోన్ చేసింది. "నువ్వే చెప్పరా దానికి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయింది, చాలు. ఇప్పుడు పీహెచ్‌డీ అంటోంది. ఐదేళ్ళంట! అప్పటికి దానికి ఎన్నేళ్ళొస్తాయి, రిష్తాలు ఎక్కడినుంచి వస్తాయి? మీ దూల్హా భాయ్ అసలు మాట్లాడటమే మానేశారు."

నేను అడిగాను, "ఆపా, మధ్యాహ్నం నువ్వు దిల్ పెట్టిన ఆ సాబ్ ఎవరో తెలుసా?"

"ఎవరో పెద్ద సైంటిస్టు కదా. మనవాడు."

"ఆయనది కూడా కెమిస్ట్రీయే. ఆయనా పీహెచ్‌డీ చేశాడు."

"ఆయన మగాడు" అంది ఆపా. అక్కడితో ఆ రాత్రి మాట ఆగిపోయింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు సైటేషన్ అంటే ఏంటో మన భాషలో చెప్పుకుందాం. ఒక పరిశోధకుడు పేపర్ రాసేటప్పుడు, ఫలానా మాట ఫలానావాళ్ళ దగ్గర తీసుకున్నాను, ఫలానావాళ్ళ పద్ధతి వాడాను అని పేరుపెట్టి చెప్పాలి. అలా ఒకరి పేపర్‌ని ఇంకొకరు తమ పేపర్‌లో పేర్కొన్న ప్రతిసారీ మొదటివారి ఖాతాలో ఒక సైటేషన్ పడుతుంది. మనకి ఇది కొత్త సంగతి కాదు. హదీస్ చెప్పేవాళ్ళు "నేను ఫలానావారి దగ్గర విన్నాను, వారు ఫలానావారి దగ్గర విన్నారు" అని ఇస్నాద్ చెప్పకుండా నోరు విప్పేవారు కాదు. ఎవరి దగ్గర ఇల్మ్ తీసుకున్నావో ఒప్పుకోవడం అమానత్. సైటేషన్ కూడా అసలు అదే, ఒక అప్పుని ఒప్పుకునే గవాహీ.

ఈ గవాహీలన్నిటినీ ఒకచోట లెక్కకట్టే పనిని అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ అనే ఆయన మొదలుపెట్టాడు. 1955లో ఆలోచన రాశాడు, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అచ్చేశాడు. ఏ పేపర్ తర్వాత ఏ పేపర్ వచ్చింది, ఎవరి పని ఎక్కడికి పోయింది అని వెతుక్కోవడానికి అది దారి చూపేది. తర్వాత అదే మనుషుల్ని తూచే తరాజు అయిపోయింది. 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ హెచ్ ఇండెక్స్ అని ఇంకో కొలత తెచ్చాడు. హెచ్ ఇండెక్స్ వంద అంటే, ఆ మనిషి పేపర్లలో వందింటికి ఒక్కోదానికి కనీసం వంద సైటేషన్లు ఉన్నట్టు. నజీరుద్దీన్ సాబ్‌ది ఆ వంద ఎప్పుడో దాటింది. క్లారివేట్ సంస్థ ఏటా వేసే హైలీ సైటెడ్ పరిశోధకుల జాబితాలో ఆయన పేరు పలుమార్లు వచ్చింది. ఫార్వర్డ్‌లో అబద్ధం లేదు, ఫఖ్ర్ పడటంలో తప్పూ లేదు.

నా గొడవ వేరే. అన్ని వేలమంది ఆయన పేరు ఎందుకు చెప్పారు? మా గ్రూపులో ఆ ప్రశ్న ఒక్కరూ అడగలేదు.

ఆయన ఉస్మానియాలో ఇనార్గానిక్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేశారు. ఉస్తాద్ ప్రొఫెసర్ తఖీ ఖాన్. తఖీ ఖాన్ సాబ్ మామూలు మనిషి కాదు. లోహపు అణువుకి చుట్టూ రకరకాల అణుసమూహాలు అతికించి, వాటితో రసాయన చర్యలు నడిపించే విద్యలో అమెరికన్ ప్రొఫెసర్ మార్టెల్‌తో కలిసి 1974లో పెద్ద గ్రంథం రాశారు. తర్వాత గుజరాత్‌లో భావ్‌నగర్‌లోని సెంట్రల్ సాల్ట్ అండ్ మెరైన్ కెమికల్స్ పరిశోధన సంస్థకి డైరెక్టర్ అయ్యారు. ఉప్పు మీద పరిశోధన చేసే సంస్థ అది. మన నౌపడా ఉప్పు మడులవాళ్ళకి ఆ పేరు వింటే సొంతమనిషి పేరు విన్నట్టు ఉంటుంది! షాగిర్ద్ నజీరుద్దీన్ కొంతకాలం హైదరాబాద్‌లో కాలేజీ లెక్చరర్‌గా చేసి, ఆ భావ్‌నగర్‌కే రిసెర్చ్ అసోసియేట్‌గా వెళ్ళారు. 1987లో భారత ప్రభుత్వ ఫెలోషిప్ మీద స్విట్జర్లాండ్‌లోని లోసాన్‌లో మైకేల్ గ్రెట్జెల్ ల్యాబ్‌కి చేరారు.

ఆ "ప్రభుత్వ ఫెలోషిప్" అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

గ్రెట్జెల్ ల్యాబ్‌లో అప్పుడు నడుస్తున్న పని ఇది. సిలికాన్ లేకుండా చవగ్గా ఎండనుంచి కరెంటు తీయాలి. దానికి టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడిని చాలా సన్నటి రేణువులుగా చేసి అద్దం మీద పొరగా పూస్తారు. ఈ తెల్లపొడి మనకి పరాయిది కాదు, గోడకి వేసే తెల్లరంగులో ఉండేది అదే. గార మండలం నుంచి భావనపాడు దాకా మన తీరం వెంట నల్ల ఇసుక కనిపిస్తుంది చూడండి, అందులో ఉండే ఇల్మనైట్ ఖనిజంలోంచే టైటానియం డయాక్సైడ్ తయారుచేస్తారు. తెల్లపొడికి ఒక ఐబ్ ఉంది. మన కంటికి కనపడే వెలుగుని అది పట్టుకోదు. అందుకే దానికి రంగు అద్దాలి. రంగు వెలుగుని పట్టుకుని ఒక ఎలక్ట్రాన్‌ని తెల్లపొడికి అందిస్తుంది, అది తీగలోంచి పోయి పనిచేసి తిరిగొస్తుంది.

ఎలాంటి రంగు? బట్టలకి అద్దకం వేసేవాళ్ళనడిగితే చెబుతారు. నూలుని గట్టిగా పట్టుకోవాలి, ఉతికితే వదలకూడదు, ఎండకి వెలవకూడదు. అదే ఇక్కడా. 1991లో గ్రెట్జెల్, ఓరీగన్ కలిసి ఈ సెల్‌ని నేచర్ పత్రికలో చూపించినప్పుడు ఏడు శాతం పైన ఎండ కరెంటుగా మారింది. 1993లో ఇంకో పేపర్ వచ్చింది, ఎనిమిదిమంది పేర్లతో. మొదటి పేరు నజీరుద్దీన్‌ది. రుథేనియం లోహం చుట్టూ కట్టిన ఒక ఎర్రటి రంగు అణువు అందులోది. తెల్లపొడిని గట్టిగా పట్టుకునే గుణం దానికుంది, వెలుగులో పెద్దభాగాన్ని మింగేస్తుంది, సెల్ పనితనం పది శాతానికి చేరింది. దాని పేరు ఎన్3. తర్వాత దాని చుట్టాలు ఎన్719, బ్లాక్ డై వచ్చాయి.

ఆ తర్వాత జరిగిందే లక్షకి అసలు కారణం. ప్రపంచంలో ఎక్కడ ఎవరు ఈ రకం సెల్ చేసినా, తమ కొత్త రంగు మంచిదా కాదా తేల్చుకోవడానికి ఎన్3నో ఎన్719నో పక్కన పెట్టి కొలిచారు. బట్టలకొట్లో గజంబద్ద ఉన్నట్టు ల్యాబుల్లో ఆ రంగు ఉండిపోయింది. గజంబద్ద వాడిన ప్రతివాడూ అది చేసినవాడి పేరు చెప్పాడు. లక్షలో పెద్ద హిస్సా ఇలా వచ్చింది, నలుగురికీ పనికొచ్చే వస్తువు చేసినందుకు.

రెండో పెద్ద హిస్సా పెరోవ్‌స్కైట్ నుంచి. 2009లో జపాన్‌లో మియసాకా బృందం ఈ కొత్త పదార్థంతో 3.8 శాతం తీసింది. ఇప్పుడు ల్యాబుల్లో అది 26 శాతం దాటింది. నజీరుద్దీన్ సాబ్ బృందం ఆ ముందువరసలో పనిచేసింది. సీసం ఉంటుంది, తేమకి పాడవుతుంది అనే ఐబులు ఇంకా పూర్తిగా తీరలేదు. కానీ 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చి పలాస, వజ్రపుకొత్తూరు స్తంభాలన్నీ పడుకోబెట్టాక రోజుల తరబడి చీకట్లో కూర్చున్నవాళ్ళం మనం. ఇంటికప్పు మీద చవక కరెంటు అంటే ఏంటో మనకి వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. పెరోవ్‌స్కైట్ లాంటి జనం కిక్కిరిసిన మైదానంలో సైటేషన్లు వానలా పడతాయి, ఎందుకంటే రాసేవాళ్ళు వేలమంది. గణితంలో అలా పడవు. మన వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు గారు 1945లో కలకత్తాలో ఒక పేపర్ అచ్చేశారు. ఇవాళ స్టాటిస్టిక్స్ చదివే ప్రతి పిల్లా "క్రామర్-రావు" అని రాస్తుంది, కానీ ఆ 1945 పేపర్‌ని పేర్కొనేవాళ్ళు ఎంతమంది? పేరే పాఠం అయిపోయాక సైటేషన్ ఆగిపోతుంది. ఇటువైపు 1951లో లౌరీ అనే ఆయన ప్రోటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి రాశాడు. లోకంలో అత్యధిక సైటేషన్లు దానివే, మూడు లక్షలకి పైన. అది తన గొప్ప పనేమీ కాదని ఆయనే ఒప్పుకున్నాడు. కాబట్టి ఇద్దరి అంకెలు పక్కపక్కన పెట్టి ఎవరు గొప్ప అనడం, పొందూరు ఖద్దరునీ నౌపడా ఉప్పునీ ఒకే తరాజులో తూచడం లాంటిది.

మన ఉలమాకి ఇది బాగా తెలుసు. ఇమామ్ బుఖారీ దగ్గరికి లక్షల రివాయతులు చేరాయని చెబుతారు, ఆయన సహీహ్‌లో పెట్టినవి తక్రార్‌తో కలిపి ఏడువేల పైచిలుకు. రావీ ఎవరు, అతని మాట నమ్మొచ్చా, తన ఉస్తాద్‌ని నిజంగా కలిశాడా అని ఒక్కొక్క మనిషినీ జల్లెడ పట్టారు. అస్మా ఉర్ రిజాల్ అని ఒక పూర్తి ఇల్మే పుట్టింది దానికోసం. అలాంటి విరాసత్ ఉన్న మనం ఇవాళ అంకె చూసి దిల్ బొమ్మ పెట్టి పంపేస్తున్నాం.

కెమిస్ట్రీలో మన పాత పేరు జాబిర్ ఇబ్నె హయ్యాన్. ఆయన పేరు మీద దాదాపు 3000 రచనలు చెప్పుకుంటారు. ఒక్క మనిషి అన్ని రాయగలడా, అసలు ఆ మనిషి ఉన్నాడా అని కొందరు అంటున్నారని 10వ శతాబ్దంలో ఇబ్నె నదీమ్ తన ఫిహ్రిస్త్‌లోనే రాశాడు. ఉన్నాడనే ఆయన తీర్పు ఇచ్చాడు. కానీ ఆ రచనల్లో చాలావాటిని తర్వాతి తరాలవాళ్ళు రాసి ఆయన పేరు పెట్టారని ఈ కాలం పండితులు ఎక్కువమంది అంటారు. ఇది మన జుమా తఖ్రీర్లలో చెప్పరు. అంకె పెద్దదైతే చాలు, లోపల ఏముందో చూడక్కర్లేదన్న ఆదత్ మనకి కొత్తగా వచ్చింది కాదని మాత్రం నాకు అర్థమైంది.

ఇప్పుడు మా కోడలుపిల్ల సంగతి. ఆపా కూతురు ఫోన్ లాక్కుని గుసగుసగా మాట్లాడింది. "మామూ, ఒకటి చెప్తాను, అమ్మీకి చెప్పకు. నాకు వాట్సాప్‌లో ఒకాయన మెసేజ్ పెట్టాడు. పదిహేను వేలిస్తే పేపర్‌లో నా పేరు వేస్తాడంట. నాలుగో పేరు. మొదటి పేరు కావాలంటే ఎక్కువంట. పేపరుంటే పీహెచ్‌డీ సీటు సులువంట. నిజమేనా?"

నా చెయ్యి చల్లబడిపోయింది. లోసాన్‌లో ఆ మొదటి పేరు కోసం ఆరేళ్ళు పట్టింది, ఇక్కడ దానికి రేటు బోర్డు. తప్పు పిల్లది కాదు. "ఎన్ని పేపర్లు?" అనేదొక్కటే అడిగే లోకం మనమే తయారుచేశాం. పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వాలంటే పేపర్ అచ్చయి తీరాలని యూజీసీ చాలా ఏళ్ళు నియమం పెట్టింది. డబ్బులు తీసుకుని ఏదైనా అచ్చేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. 2022 నియమాల్లో ఆ షరతు తీసేశారు, మంచి పని చేశారు. కానీ ఆదత్ పోలేదు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ అయొనైడిస్ బృందం టాప్ 2 శాతం జాబితా వేసిన ప్రతి ఏడాదీ మన జిల్లాల్లో ఫ్లెక్సీలు లేస్తాయి. ఆ జాబితాలో సొంత సైటేషన్లు తీసేస్తే ఎన్ని మిగులుతాయో కూడా ఒక గడిలో ఉంటుంది. ఫ్లెక్సీ మీద ఆ గడి నేనెప్పుడూ చూడలేదు.

పిల్లకి చెప్పాను, "బేటీ, నువ్వు చెయ్యని పనికి నీ పేరు వేయించుకోవడం అబద్ధపు గవాహీ. వద్దు." వెంటనే ఊరుకోలేదు. "మరి పేపర్ లేకపోతే నన్నెవరు చూస్తారు మామూ?" అంది. దానికి నా దగ్గర పెద్ద జవాబు లేదు. ప్రవేశపరీక్ష బాగా రాయి, ఇంటర్వ్యూలో నీ ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ గురించి నిజంగా నీకు తెలిసింది చెప్పు, ఏ గైడ్ ల్యాబ్‌లో ఏం పని జరుగుతోందో వాళ్ళ పేపర్ ఒక్కటైనా చదివి వెళ్ళు అన్నాను.

అసలు ముష్కిల్ డబ్బు. నజీరుద్దీన్ సాబ్ లోసాన్ వెళ్ళింది ప్రభుత్వ ఫెలోషిప్ మీద అని పైన చెప్పాను. సచ్చర్ రిపోర్ట్ తర్వాత 2009లో మైనారిటీ పిల్లల ఎంఫిల్, పీహెచ్‌డీల కోసం మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్ మొదలైంది. ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, పార్సీ, జైన పిల్లలందరికీ. 2022-23 నుంచి కొత్తవాళ్ళకి దాన్ని ఆపేశారు. వేరే స్కీములతో కలిసిపోతోందని సర్కారు డిసెంబర్ 2022లో పార్లమెంటులో చెప్పింది. నెట్‌లో జేఆర్‌ఎఫ్ కొట్టిన పిల్లకి నెలకి 37 వేలు వస్తాయి, సరే. కొట్టలేకపోయిన పిల్లకి? ఒక కిటికీ మూసి, పక్కింటికి కిటికీ ఉంది కదా అనడం ఇన్సాఫ్ కాదు. ఓటు అడగడానికి వచ్చే ప్రతి పార్టీవాణ్ణీ మన జమాత్‌లు ఈ ఒక్క ప్రశ్న అడగాలి. షాదీ ముబారక్ పథకాల గురించి అడిగినంత గట్టిగా అడగాలి.

సర్కారు మీద వేసేసి మనం చేతులు కడుక్కోలేం. మా ఊరి పెద్దలు శ్రీకాకుళం అనరు, ఇప్పటికీ గుల్షనాబాద్ అంటారు. 1641లో షేర్ మొహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు చూపించి ఆ కాలం కథలు చెబుతారు. చెప్పనీండి, నాకూ ఇష్టమే. కానీ ఉర్సుకి, జల్సాకి, గేటు లైట్లకి ఏటా జమ అయ్యే చందాలో నెలకి ఐదువేలు తీసి ఒక్క పీహెచ్‌డీ పిల్లకి బస్సు ఖర్చు, హాస్టల్ మెస్సు బిల్లు కట్టొచ్చా అని కమిటీలో ఎప్పుడైనా ఏజెండా పెట్టారా? ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ ఉంది, విజయనగరంలో జేఎన్‌టీయూ ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. మన ఆడపిల్ల పొద్దున్న వెళ్ళి మగ్రిబ్‌కి ఇల్లు చేరే దూరంలో ల్యాబులున్నాయి. ఆమె ఎమ్మెస్సీ దగ్గర ఆగిపోతోందంటే దూరం కారణం కాదు.

ఆపా అన్న "ఆయన మగాడు" మాటకి నేను ఇంకా జవాబు వెతుకుతున్నాను. కోపంగా ఏమీ అనలేను, పాపం ఆమె భయం నాకు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళ పీహెచ్‌డీ పిల్లకి రిష్తా తెచ్చే ఖాలాలు మన ముహల్లాలో తక్కువే. రిష్తా అడగడానికొచ్చి "ఇంకా చదువుతోందా?" అని మూతి విరిచేవాళ్ళు మనవాళ్ళే, బయటివాళ్ళు కాదు. వాళ్ళూ ఆ ఫార్వర్డ్‌కి దిల్ పెట్టే ఉంటారు.

1990లో ఎవరైనా నజీరుద్దీన్ సాబ్ సైటేషన్లు లెక్కపెట్టి ఉంటే పదిమందికి పంపాలని ఎవరికీ అనిపించేది కాదు. అప్పుడు ఆయన ఇంటికి దూరంగా, ఒక రంగు పనిచేయకపోతే ఇంకో రంగు కాచుకుంటూ ఉండి ఉంటారు. ఆ ఏళ్ళకి ఇంట్లోవాళ్ళ సబ్ర్ కావాలి, ఎవరో ఒకరి ఫెలోషిప్ కావాలి, వెనక ఒక తఖీ ఖాన్ లాంటి ఉస్తాద్ కావాలి. మా కోడలుపిల్ల లక్ష సైటేషన్లు తెస్తుందని నేను అనను. పది కూడా రాకపోవచ్చు. అయినా ఆ ఏళ్ళు ఆమెకి ఇవ్వాలి. తనకి వచ్చిన నిజమైన కెమిస్ట్రీతో రేపు మన జిల్లాలో ఏ కాలేజీలోనో ముప్ఫైమంది పిల్లలకి సరైన పాఠం చెబితే, అది ఏ ఇండెక్స్‌లోనూ ఎక్కదు.

ఆదివారం శ్రీకాకుళం వెళ్తున్నాను. ఆపాకి ఫోన్‌లో చెప్పాను, మొదటి ఏడాది ఫీజు నాది అని. దూల్హా భాయ్ వెనక నుంచి "ఫీజు కోసం కాదు నా బాధ" అన్నారు. ఆయన మాట్లాడారు కదా, అదే చాలనుకున్నాను. మిగతాది ఎదురుగా కూర్చుని మాట్లాడతాం, ఇన్షా అల్లాహ్.